నొప్పి నీళ్లలోనా, వెన్నులోనా?

వెన్ను పక్షం: మార్కాపురం, పొదిలి, కనిగిరి వైపు ఏ పల్లెకు వెళ్లినా అరవై దాటినవాళ్లు చెప్పుకునే బాధలు దాదాపు ఒకేలా ఉంటాయి. అరికాళ్లు మండుతున్నాయి. చేతులు తిమ్మిరెక్కుతున్నాయి. మెడ వంచితే కరెంటు కొట్టినట్టు వేళ్లదాకా జివ్వుమంటోంది. రాత్రిపూట దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోతున్నాం. ఈ చివరి మాట దగ్గర ఆగాలి. దుప్పటి గాయం చేయదు, చర్మం మీద పుండూ లేదు. మరి మెత్తటి తాకిడి నొప్పిగా ఎక్కడ మారుతోంది? కాలిలో కాదు, వెన్నుపాములో. వయసు మీద పడిందనో, కీళ్లు అరిగాయనో చెప్పి పంపేస్తే ఆ మనిషికి అన్యాయం చేసినట్టే. ఇది నాడీమండలానికి వచ్చిన జబ్బు. దీని వైద్యం వేరు.

నీటి పక్షం: జబ్బు వెన్నుపాములోనే ఉందనుకుందాం. అక్కడికెలా చేరింది? 1937లో గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన హెచ్.ఇ. షార్ట్, సి.జి. పండిట్ తదితరులు మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో వెన్ను బిగుసుకుపోయి, మెడ తిప్పలేకపోతున్న మనుషుల గురించి రాశారు. మనుషుల ఎముకల్లో ఫ్లోరోసిస్ గురించి మన దేశం నుంచి వెలువడిన తొలి నివేదికలు అవే. పొదిలి, దర్శి, కనిగిరి అప్పుడు నెల్లూరు జిల్లాలోనివి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వచ్చాయి. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి విడివడి కలిశాయి. జిల్లాల పేర్లు మారాయి, బోర్లు ఇంకా లోతుకు దిగాయి, నీళ్లలో ఫ్లోరైడ్ మాత్రం పోలేదు. కారణం తెలిసి దాదాపు తొంభై ఏళ్లయింది. ఇంత తెలిశాక కూడా వెన్నుపాములో కారణం వెతకడం దేనికి?

కనిగిరి గ్రానైటులో ఫ్లోరైట్ ఖనిజం ఉందని భూగర్భ శాస్త్రజ్ఞులు ఎప్పుడో గుర్తించారు. రాతిలో నీరు ఎంత ఎక్కువకాలం నిలిస్తే, ఆ నీటిలో కాల్షియం ఎంత తక్కువైతే, ఫ్లోరైడ్ అంత ఎక్కువగా కరుగుతుంది. లీటరు తాగునీటిలో ఒక మిల్లీగ్రాము మించకూడదనీ, వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా సరిపెట్టుకోవచ్చనీ మన దేశ ప్రమాణం. ఒంట్లో మిగిలే ఫ్లోరైడ్‌లో నూటికి తొంభై తొమ్మిది పాళ్లు ఎముకల్లో, పళ్లలోనే ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ వెన్నుపూసలు దట్టమవుతాయి, వాటిని పట్టి ఉంచే బంధకాలు ఎముకగా మారతాయి, వెన్నుపాము ఉండే కాలువ ఇరుకవుతుంది. హైదరాబాదు న్యూరోసర్జన్ డి. రాజారెడ్డి ఇలాంటి రోగులను దశాబ్దాలపాటు చూసి రాసిందేమిటి? ఎముకల ఫ్లోరోసిస్ ఉన్నవాళ్లలో సుమారు పదోవంతు మందికి నరాల ఇబ్బందులు వస్తాయి, ఎక్కువగా మెడ దగ్గర, ప్రధానంగా ఎముక ఒత్తిడి వల్ల. ఎముక నొక్కింది, నరం నలిగింది. కథ ఇంత సూటిగా ఉంది.

వెన్ను పక్షం: అంత సూటిగా ఉంటే ఒత్తిడి ఎంతో నొప్పీ అంతే ఉండాలి కదా. ఉండదు. స్కానులో కాలువ బాగా ఇరుకై కనిపించినా నొప్పి లేకుండా తిరిగేవాళ్లున్నారు. కొద్దిపాటి ఇరుకుకే రాత్రంతా కూర్చుని తెల్లవార్చేవాళ్లున్నారు. ఆపరేషన్ చేసి ఒత్తిడి తీసేశాక కూడా మంట పోనివాళ్లున్నారు. ఒత్తిడికీ నొప్పికీ మధ్య ఇంకేదో జరుగుతోందని 1965 నుంచీ శాస్త్రం చెబుతూనే ఉంది. ఆ ఏడాది రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ గేటు సిద్ధాంతం ప్రకటించారు. ఒంటి నుంచి వచ్చే ప్రతి సంకేతాన్నీ వెన్నుపాము ఉన్నదున్నట్టు మెదడుకు చేరవేయదని, కొన్నిటిని ఆపుతుందని, కొన్నిటిని పెంచి పంపుతుందని వాళ్ల వాదన. 1983లో క్లిఫర్డ్ వుల్ఫ్ ఎలుకల్లో ఇంకో సంగతి చూపించాడు. గాయం తర్వాత వెన్నుపాము తానే సున్నితమైపోతుంది, చిన్న సంకేతానికీ పెద్దగా స్పందిస్తుంది.

ఆ సున్నితత్వం వెనక ఏ కణాలున్నాయో గత ఇరవై పైచిలుకు ఏళ్లలో తెలిసొచ్చింది. నలిగిన నరం సి.ఎస్.ఎఫ్.1 అనే ప్రోటీనును తయారుచేసి వెన్నుపాములోకి పంపుతుంది. వెన్నుపాము వెనక భాగంలో, స్పర్శనూ నొప్పినీ అందుకునే చోట, మైక్రోగ్లియా అనే రక్షక కణాలుంటాయి. ఆ ప్రోటీను చేరగానే అవి రూపం మార్చుకుని సంఖ్యలో పెరుగుతాయి. వాటి పైపొర మీద పి2ఎక్స్4 అనే గ్రాహకాలు పుట్టుకొస్తాయని, వాటిని అడ్డుకుంటే ఎలుకల్లో తాకితే పుట్టే నొప్పి తగ్గుతుందని 2003లో జపాన్ శాస్త్రవేత్తలు త్సుదా, ఇనోయె చూపారు. అదే ఏడాది, మళ్లీ 2005లో, కెనడాలో డి కోనింక్, సాల్టర్ బృందాలు మిగతా ముక్క అందించాయి. రెచ్చిన మైక్రోగ్లియా బి.డి.ఎన్.ఎఫ్. అనే పదార్థాన్ని వదులుతాయి. దాని వల్ల నొప్పి కబురు మోసే న్యూరాన్లలో క్లోరైడ్‌ను బయటికి తోసే కె.సి.సి.2 అనే పంపు తగ్గిపోతుంది. లోపల క్లోరైడ్ పెరుగుతుంది. మామూలుగా ఆ న్యూరాన్లను శాంతపరచాల్సిన గాబా రసాయనం అప్పుడు పనిచేయదు, ఒక్కోసారి వాటిని రెచ్చగొడుతుంది కూడా. బ్రేకు నొక్కితే బండి ఆగకపోగా ఇంకా వేగం అందుకున్నట్టు. దుప్పటి తగిలితే మండటానికి కారణం ఇక్కడ దొరుకుతుంది.

నీటి పక్షం: చదవడానికి అద్భుతంగా ఉంది. మంచి శాస్త్రమే, కాదనడం లేదు. కానీ ఆ ఎలుక ఎవరు? ఆరోగ్యంగా ఉన్న కుర్ర ఎలుక. ఒక రోజు దాని కాలి నరానికి దారం కట్టారు. రెండు మూడు వారాల్లో లెక్క తేల్చారు. ఇక్కడి మనిషికి నరం ఒక్కరోజులో నలగలేదు. ముప్పై ఏళ్లు బోరు నీళ్లు తాగితే నలిగింది. ఎండలో మిరప చేలో పనిచేస్తూ, ఎక్కువ నీళ్లు తాగుతూ, అంటే ఎక్కువ ఫ్లోరైడ్ తాగుతూ నలిగింది. ఈ రెండిటినీ ఒకటే అనడం తొందరపాటు.

పైగా ఆ శాస్త్రం మందుగా మారినప్పుడు ఏమైంది? మైక్రోగ్లియానూ దాని పొరుగు కణాలనూ శాంతింపజేసే ప్రొపెంటోఫిలిన్ ఎలుకల్లో చక్కగా పనిచేసింది. సర్పి తగ్గాక కూడా నరం నొప్పి వదలని మనుషులకు ఇచ్చి చూస్తే ఉత్తుత్తి మాత్రకంటే మెరుగుగా లేదు. మైక్రోగ్లియా కథ మొదలై ఇన్నేళ్లైనా, ఆ కథ నుంచి పుట్టి మందుల షాపుకు చేరిన మాత్ర ఒక్కటీ లేదు. వెన్నుపాము జోలికి పోకుండా బయటి నరాల్లోనే పనిచేసే సుజెట్రిజిన్‌కు 2025 జనవరిలో అమెరికా అనుమతి ఇచ్చింది. అదీ ఆపరేషన్ తర్వాతి నొప్పిలాంటి తాజా నొప్పికి. నడుము నుంచి కాలికి పాకే నొప్పి మీద రెండో దశ పరీక్షలో ఆ మందుకూ ఉత్తుత్తి మాత్రకూ పెద్ద తేడా కనిపించలేదు.

వెన్ను పక్షం: ఒప్పుకోవాల్సిందే. ఇంకో లోపం కూడా ఉంది, దాన్ని ఈ పక్షమే బయట పెట్టాలి. 2015లో సోర్జ్, మోగిల్, సాల్టర్ ఆడ, మగ చిట్టెలుకలను వేరువేరుగా పరీక్షించారు. మైక్రోగ్లియాను అడ్డుకుంటే మగ చిట్టెలుకల్లో నొప్పి తగ్గింది. ఆడవాటిలో తగ్గలేదు! వాటిలో ఆ పని వేరే రోగనిరోధక కణాలు, బహుశా టి కణాలు చేస్తున్నాయని తేలింది. అంతకుముందు ప్రయోగాల్లో ఎక్కువభాగం మగ జంతువుల మీదే జరిగాయి. ఇటువైపు పల్లెల్లో దుప్పటి ఓర్చుకోలేమని చెప్పేవాళ్లలో ఆడవాళ్లు ఎంతమందో చూసినవాళ్లకు ఇది ఎంత పెద్ద లోపమో అర్థమవుతుంది.

అయినా దీన్నిబట్టి వెన్నుపాము పాత్ర లేదని తేలదు. వెన్నుపాములో దారి ఒక్కటే కాదని తేలుతుంది. 2022లో త్సుదా బృందం మరో కొత్త సంగతి కనిపెట్టింది. నరం దెబ్బతిన్నాక మైక్రోగ్లియాలో ఒక చిన్న గుంపు ఐ.జి.ఎఫ్.1 అనే పదార్థాన్ని వదిలి నొప్పి తగ్గడానికి తోడ్పడుతుంది. ఆ గుంపును తీసేస్తే తగ్గిన నొప్పి తిరగబెడుతుంది. అంటే మైక్రోగ్లియాను మొత్తంగా అణిచేయాలన్న పాత ఆలోచనలోనే పొరపాటు ఉందన్నమాట. మందులు ఎందుకు ఓడిపోయాయో ఇక్కడ కొంత జవాబు కనిపిస్తోంది.

ఈ సంవాదంలో ఇక్కడిదాకా ఎవరూ ఎవరినీ కాదనలేదన్నది గమనించాలి. ఫ్లోరైడ్ ఎముకను పెంచిందని ఇద్దరూ ఒప్పుకుంటున్నారు, నలిగిన నరం వెన్నుపామును మార్చగలదనీ ఒప్పుకుంటున్నారు. చిట్టెలుక మైక్రోగ్లియాను గాజుపాత్రలో సోడియం ఫ్లోరైడ్‌లో ఉంచితే వాపు రసాయనాలు పెరిగిన ప్రయోగాలూ ఉన్నాయి. వాటిని ఏ పక్షమూ పెద్దగా పట్టుకోకపోవడమే నయం, గాజుపాత్రలోని మోతాదును మనిషి వెన్నులోకి తెచ్చి లెక్కకట్టడం కుదరదు. అసలు తగాదా కారణం గురించి కాదు. ఇప్పుడు బతికున్న మనిషికి ముందు ఏది అందాలన్నది ఆ తగాదా. అక్కడికొచ్చేసరికి మాటల్లో వేడి పెరుగుతుంది.

నీటి పక్షం: మందుల లెక్క చూద్దాం. 2015లో ఫినెరప్ బృందం లాన్సెట్ న్యూరాలజీలో అన్ని పరీక్షలనూ కలిపి చూసింది. ప్రీగాబలిన్ తీసుకున్న ఎనిమిది మందిలో సుమారు ఒకరికే, ఉత్తుత్తి మాత్రతో వచ్చేదానికి మించి, నొప్పి సగానికి తగ్గుతోంది. అమిట్రిప్టిలిన్ తరగతి మందులతో నలుగురిలో ఒకరికి. మిగతావాళ్లకు దక్కేది మత్తు, తల తిరుగుడు, నోరెండటం. ఫ్లోరోసిస్‌తో కాళ్లు బిగిసి, అడుగు తడబడుతున్న ముసలావిడకు తల తిరిగే మాత్ర ఇవ్వడం చిన్న విషయం కాదు. పడితే తుంటి విరుగుతుంది. ఫ్లోరైడ్ ఎముక చూడటానికి దట్టమైనదేగానీ పెళుసు.

వెన్ను పక్షం: మాత్ర ఇవ్వకపోతే ఆవిడ ఊరికే కూర్చోదు. ఆర్.ఎం.పి. దగ్గరికి వెళ్లి సూది వేయించుకుంటుంది, షాపులో నొప్పి బిళ్లలు కొనుక్కుంటుంది. డైక్లోఫినాక్ లాంటివి కీళ్ల వాపుకు పనిచేస్తాయిగానీ నరం మంటకు పనిచేయవు. అయినా ఏళ్లతరబడి మింగితే కిడ్నీలు దెబ్బతింటాయి. నలుగురిలో ఒకరికి మేలు చేసే చవక మందు ఉండగా, ఎవరికీ మేలు చేయక కిడ్నీలు తినే మందు దగ్గర ఆవిడను వదిలేయడం ఏం న్యాయం? అమిట్రిప్టిలిన్ పాత మందు, చాలా చవక. అది పనిచేసేది కూడా నీటి పక్షం కొట్టిపారేస్తున్న వెన్నుపాములోనే. మెదడు నుంచి కిందికి దిగి నొప్పి సంకేతాన్ని అదుపుచేసే దారులకు అది బలమిస్తుంది. ప్రీగాబలిన్, గాబాపెంటిన్ కూడా అక్కడే, నరం దెబ్బతిన్నాక పెరిగే కాల్షియం మార్గాల భాగానికి అతుక్కుంటాయి. తక్కువ మోతాదుతో, రాత్రిపూట మొదలుపెట్టి, గుండె సంగతి చూసుకుంటూ పెంచాలి. ఇందుకు పెద్ద నగరం అక్కర్లేదు. శిక్షణ ఉన్న డాక్టరు మార్కాపురంలోనో గిద్దలూరులోనో కూర్చుని చేయగల పని.

ఇంకో మాట. నరం నొప్పి అంతా నీళ్ల నుంచి రాదు. చక్కెర జబ్బు వల్ల, సర్పి వల్ల, కుష్టు తగ్గాక కూడా వస్తుంది. వెన్నుపాములో జరిగే తంతు వీళ్లందరికీ చాలావరకు ఒకటే. నీళ్లు బాగుచేస్తే వీళ్లకు ఒరిగేదేముంది?

నీటి పక్షం: చక్కెర రోగికి ఏమీ ఒరగదు, నిజమే. కానీ ఈ ప్రాంతానికి ఒక ప్రత్యేక బాకీ ఉంది. నల్లమలకు అటు కృష్ణ, ఇటు దాహం. పూల సుబ్బయ్య పేరు పెట్టిన వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేశారు. శ్రీశైలం జలాశయం నుంచి నల్లమల కింద 18.8 కిలోమీటర్ల పొడవునా రెండు సొరంగాలు తవ్వి, 43.5 టీఎంసీల వరద నీటిని తెచ్చి, నాలుగున్నర లక్షల ఎకరాల దాకా తడిపి, పదిహేను లక్షల మందికి తాగునీరివ్వాలన్నది ప్రణాళిక. 2024 మార్చిలో సొరంగాలను జాతికి అంకితం చేశారు. జలాశయంలో మునిగే ఊళ్లవాళ్ల పునరావాసం అప్పటికీ పూర్తికాలేదు. శంకుస్థాపన నాడు పుట్టిన పిల్లకు ఇప్పుడు పిల్లలున్నారు. ఆ ముప్పై ఏళ్లు ఆమె ఏ నీళ్లు తాగిందో ఆ లెక్క వెన్నులో రాసి ఉంటుంది. ఆ లెక్కను మాత్రతో కొట్టేయలేం.

విజయనగర కాలంలో గుండ్లకమ్మకు అడ్డంగా కంభం చెరువు కట్టినవాళ్లకు ఈ నేలకు నీరే ముందని తెలుసు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తేర్చే నల్లగొండ పద్ధతిని నీరి సంస్థ 1970ల్లోనే రూపొందించింది. అది నడవాలంటే రోజూ కొలిచి కలిపే మనిషి, మిగిలే బురదను తీసేసే ఏర్పాటు ఉండాలి. అవి లేక చాలాచోట్ల మూలపడింది. హైదరాబాదు పోషకాహార సంస్థ వాళ్లు పిల్లలకు చింతపండు తినిపించి చూస్తే మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయింది. పులుసు తినే మన ఇళ్లకు ఇది మంచి కబురు. కానీ చింతపండు తోడుగా పనికొస్తుందిగానీ మంచినీళ్లకు బదులు కాదు.

వెన్ను పక్షం: నీళ్లు రావాలి. ఈ మాటను ఈ పక్షం ఎప్పుడూ కాదనలేదు. కానీ నల్లగొండ వైపు చూడండి. మునుగోడు ప్రాంతానికి మిషన్ భగీరథ గొట్టాల్లో కృష్ణా నీళ్లు చేరాయి. పుట్టబోయే పిల్లల పళ్లకు, ఎముకలకు అది గొప్ప మేలు. అప్పటికే వంగిపోయిన వెన్నులు మాత్రం నిటారు కాలేదు. ఎముకలో చేరిన ఫ్లోరైడ్ ఏళ్లకేళ్లు అక్కడే ఉంటుంది, ఎముకైన బంధకం మళ్లీ బంధకం కాదు, మారిన వెన్నుపాము తనంతట తాను సర్దుకుంటుందన్న భరోసా లేదు. వెలిగొండ నీళ్లు రేపే ఇంటింటికీ వచ్చినా ఈ తరం పెద్దవాళ్ల నొప్పి వాళ్ల దగ్గరే ఉంటుంది. నీళ్లు వచ్చేదాకా ఆగమని వాళ్లకు చెప్పడానికి ఎవరికి నోరొస్తుంది?

నీటి పక్షం: ఈ ఒక్కదానికి జవాబు లేదు, ఒప్పుకుంటున్నాం. భయం ఇంకొకటుంది. ఊరుమ్మడి నష్టం ఒక్కొక్కరి చీటీగా మారిపోతుందన్న భయం. ఊరంతా ఒకే బోరు వల్ల దెబ్బతింటే అది కలెక్టరు ముందు పెట్టాల్సిన సమస్య. అదే ఒక్కొక్కరికీ నరాల మాత్ర రాసిస్తే ఎవరి నొప్పి వాళ్ల సంచిలో పెట్టుకుని ఇంటికి పోతారు. ఊరికి గొంతు లేకుండా పోతుంది.

వెన్ను పక్షం: దీన్ని అటునుంచి కూడా చూడొచ్చు. 2022 జనవరిలో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల పట్టిక, ఐ.సి.డి.-11, దీర్ఘకాలిక నరం నొప్పికి సొంత స్థానం ఇచ్చింది. మూడు నెలలు దాటిన నొప్పి ఇంకో జబ్బుకు తోకగా కాక, లెక్కలో పడే జబ్బుగా నిలబడింది. మార్కాపురం ఆసుపత్రి చీటీలో ‘ఒళ్లు నొప్పులు’ అని రాస్తే అది ఎక్కడా లెక్కకు రాదు. ఫలానా ఊరి నుంచి ఇంతమందికి నరం నొప్పి, ఇంతమందికి మెడ దగ్గర వెన్నుపాము ఒత్తిడి అని రాస్తే ఆ ఊరి బోరు మీద అదే సాక్ష్యం. చీటీ ఊరి గొంతును తీసేయదు, పెంచుతుంది.

నీటి పక్షం: సాక్ష్యం 1937 నుంచీ ఉంది. సాక్ష్యం కొరవడి నీళ్లు ఆగలేదు. సరే, లెక్క రాయాలన్నది మంచిదే. అలాగైతే ఒత్తిడిని ముందుగా పట్టుకోవడం దగ్గరే మొదలుపెట్టాలి. మెడ దగ్గర వెన్నుపాము నలుగుతున్నప్పుడు అడుగు తడబడుతుంది, బొత్తాం పెట్టుకోవడం కష్టమవుతుంది, మూత్రం పట్టు తప్పుతుంది. ఆ దశ ముదరకముందే ఆపరేషన్ చేస్తే ఫలితం మెరుగు. ఆలస్యమైతే రాయిలా గట్టిపడ్డ ఎముకను తొలచడం సర్జనుకూ ప్రమాదకరమైన పనే, వచ్చే ఫలితమూ తక్కువే. మార్కాపురం నుంచి ఒంగోలు దాదాపు వంద కిలోమీటర్లు. గిద్దలూరువాళ్లకు కొండ దాటితే నంద్యాలే దగ్గర. కూలి మానుకుని, తోడు మనిషిని వెంటబెట్టుకుని స్కానుకు వెళ్లిరావడమంటే ఎంత ఖర్చో చూడండి. కణాల పరిశోధనకు పెట్టే డబ్బులో కొంత ఈ దారి మీద పెడితే కాళ్లు నిలబడతాయి.

వెన్ను పక్షం: ఆ దారి కావాలి. కానీ ఆపరేషన్ కాళ్లను కాపాడినంతగా మంటను తీయదు, దానికి వేరే వైద్యం కావాలి. ఈ పక్షం వెనక్కి తగ్గాలంటే ఒక పరీక్ష సరిపోతుంది. ఫ్లోరోసిస్ వెన్నుకు సకాలంలో ఆపరేషన్ జరిగినవాళ్లను రెండేళ్లు వెంటాడి చూడాలి. ఎముక తీసినంతమాత్రాన దుప్పటి నొప్పి ఎక్కువమందిలో పోయిందని తేలితే, ఈ జబ్బులో వెన్నుపాము కణాలది చిన్న పాత్రేనని ఒప్పుకోవచ్చు.

నీటి పక్షం: న్యాయమైన షరతు. ఇటునుంచీ ఒకటి. నరం నొప్పి మందులను యాభై దాటిన ఆడవాళ్ల మీద, ఫ్లోరైడ్ వెన్ను ఉన్నవాళ్ల మీద, ఈ మండలాల్లోనే పరీక్షించాలి. కుర్ర ఎలుకలను, మగవాళ్లను, నగరాల్లోని చక్కెర రోగులను చూసి తేల్చిన లెక్క వీళ్లకు వర్తిస్తుందని ఊహించకూడదు. వాళ్లు నిద్రపోగలిగితే, పడిపోకుండా నడవగలిగితే, నీళ్ల కోసం అడిగే అర్జీలోనే ఈ మందుల పేర్లూ చేర్చడానికి అభ్యంతరం లేదు. అంతవరకు మొదటి రూపాయి గొట్టానికే.

వెన్ను పక్షం: ఆ పరీక్షలో చేరే ఆడవాళ్లకు ఈ రాత్రి కూడా దుప్పటి తగులుతుంది. అందుకే మొదటి రూపాయిని రెండు అర్ధరూపాయలు చేయమని ఈ పక్షం అడుగుతూనే ఉంటుంది.